ఇసుకలో రెండో బడి

"ఆ పిల్ల రాలేదు సార్."

నా ఉద్యోగ జీవితమంతా ఈ మాట వింటూనే గడిచింది. నేను విద్యాశాఖలో పనిచేశాను. చిన్న బడుల్లో చురుకైన పిల్లల్ని ఏరి, మామూలు పాఠాల పైన ఇంకొంచెం నేర్పే తరగతులకు పంపడం నా పనుల్లో ఒకటి. పేరు పిలిచేవాణ్ణి. పిల్ల లేచి నిలబడితే నాలుగు ప్రశ్నలు అడిగేవాణ్ణి. రాలేదంటే తరువాతి పేరు పిలిచేవాణ్ణి. ఎందుకు రాలేదని ఒక్కసారైనా అడిగిన గుర్తు లేదు. అడగకపోవడానికి కారణం మాత్రం నాకు తెలుసు.

ఉద్యోగం మానేసి చాలాకాలమైంది. ఈ మధ్య సముద్రం ఒడ్డున ఒక చిన్న బడివాళ్ళు తెలివైన పిల్లలకు శనివారాల్లో ప్రత్యేక తరగతి పెట్టుకుంటూ, పిల్లల్ని ఎంచిపెట్టమని నన్ను పిలిచారు. వరండాలో కుర్చీ వేశారు. గాలికి ఎండుచేపల వాసన వచ్చింది. దాని వెనకే సరుగుడు చెట్ల హోరు. కొన్ని పేర్లు పిలిచాక హెడ్‌మిస్ట్రెస్‌గారు ఆ మాట అన్నారు. తరువాతి పేరు నా నోట రాలేదు. ఆ వాసనా, ఆ హోరూ, ఆ మాటా ఒక్కచోట కలిసి రావడం నా జీవితంలో అది రెండోసారి.

మొదటిసారి నేను ఐదో తరగతి చదువుతున్నాను.

మా ఊరు సముద్రానికి కొంచెం ఇవతల. ఊరికి పడమర వరి పొలాలు. తూర్పున పడవలు నడిచే ఉప్పునీటి కాలువ. కాలువ దాటితే సరుగుడు తోపులు, ఇసుక దిబ్బలు, దిబ్బల కింద చేపలు పట్టేవాళ్ళ పాలెం. ఊళ్ళో మేము, పాలెంలో వాళ్ళు, మధ్యన కాలువ గట్టు మీద బడి. తాటాకు కప్పు, మట్టి గోడలు. ఐదు తరగతులకూ ఒక్కరే అయ్యవారు. వాన పడితే ఐదు తరగతులూ కురవని మూలకు చేరి ఒకే తరగతి అయిపోయేవి.

పొద్దునలేస్తే మా ఇంట్లో మొలగొలుకుల బియ్యపు చద్దన్నం, గడ్డపెరుగు, నారింజకాయ ఊరగాయ. పాలెం పిల్లలు రాగి సంగటీ, రాత్రి మిగిలిన చేపల పులుసూ తిని వచ్చేవాళ్ళు. వాళ్ళ చేతుల నుంచి ఆ వాసన మధ్యాహ్నం దాకా పోయేది కాదు. మేము ముక్కులు మూసుకుని ఎగతాళి చేసేవాళ్ళం. మా ఇళ్ళలోనూ వారానికి రెండుసార్లు అదే పులుసు కాగేది, లేత మామిడికాయ ముక్కలు పడి. ఆ చేపలు వాళ్ళు పట్టినవే. అయినా వాసన మాత్రం వాళ్ళదని మా నమ్మకం.

అయ్యవారిది మా ప్రాంతం కాదు. కృష్ణకు అవతలి నుంచి బదిలీ మీద వచ్చారు. ఒంటరి మనిషి. బడి పక్క గదిలో వండుకునేవారు. ముక్కుపొడి అలవాటు. ఆయన మాట వింటే మా అవ్వకు నవ్వు. "ఆ అయ్యోరు కూరగాయలు బేరమాడినా పుస్తకం చదివినట్టుండాదబ్బా" అనేది.

సాయంత్రం గంట కొట్టాక పిల్లలందరూ పరుగెత్తేవాళ్ళు. ఇద్దరిని మాత్రం ఆయన ఆపేవారు. ఒకణ్ణి నేను. రెండోది పాలెం నుంచి వచ్చే అమ్మాయి. నా ఈడే. నూనె లేక ఎర్రబడిన జుట్టు, మోకాళ్ళ దాకా ఉప్పు చారలు. తండ్రికి ఛాతీ జబ్బు, తల్లికి చంకన పసిబిడ్డ. ఇంటి పని సగం ఆమెది, సగం వాళ్ళ అవ్వది.

"మీ ఇద్దరికీ ఈ పుస్తకం చాలదు" అన్నారు మొదటి రోజు. "ఇందులో ఉన్నది మీకు వచ్చేసింది. లేనిది నేర్చుకుందాం రండి."

సరుగుడు తోపులోకి తీసుకెళ్ళారు. అక్కడ ఇసుకే పలక, ఎండుపుల్లే బలపం, రాలిన కాయలే లెక్కలకు గింజలు. తక్కిన పిల్లలు దానికి రెండో బడి అని పేరు పెట్టారు. "ఒక బడి చాల్లేదంటరా మీకు?" అని ఏడిపించేవాళ్ళు. నాకది గొప్పగా ఉండేది. ఆ అమ్మాయికి గొప్పా లేదు, చిన్నతనమూ లేదు. తోపులోకి వచ్చేసరికి ఆమె ముఖం మారిపోయేది, అంతే.

రెండో బడిలో ప్రశ్నలు పుస్తకంలో ఉండేవి కావు. సముద్రం పోటెత్తితే కాలువ ఎందుకు ఆలస్యంగా పొంగుతుంది? చీమలు బారు తప్పితే మళ్ళీ ఎలా కలుస్తాయి? ఒకరోజు మేమిద్దరం ఆయన ముక్కుపొడి డబ్బా కొట్టేసి, కాలువ గట్టు మీద కట్టేసిన మేకకు చిటికెడు వాసన చూపించాం. అది తుమ్మిన తుమ్ముకు గూటం ఊడి వచ్చింది. మేక ముందు, మేకగలామె వెనక, తోపంతా పరుగు. బెత్తం దెబ్బలు తప్పవనుకున్నాం. అయ్యవారు డబ్బా తీసుకుని, ఆయనా ఒక చిటికెడు పీల్చి, "తుమ్ము ఎందుకు వస్తుంది? రేపటికి ఆలోచించి రండి" అన్నారు.

"మేకనే అడగాల సార్" అంది ఆ అమ్మాయి. ఆయన నవ్వడం అదే మొదటిసారి చూశాను.

ఒక సెలవురోజు మధ్యాహ్నం తోపులో ఒక సరుగుడు చెట్టు చూపించి, ఎక్కకుండా ఎత్తు చెప్పమన్నారు. నేను వెంటనే మోకాళ్ళ మీద కూచుని గుణకారాలు మొదలుపెట్టాను. దేన్ని దేనితో గుణిస్తున్నానో నాకే తెలీదు. ఆ అమ్మాయి ఒక కర్రను నిటారుగా గుచ్చి, దాని నీడకేసి చూస్తూ ఊరికే కూచుంది.

"ఏమ్మా, నువ్వు చెయ్యవా?"

"ఆగాల సార్. ఈ కర్ర నీడ కర్రంత అయ్యేదాకా ఆగితే, అప్పుడు చెట్టు నీడా చెట్టంతే ఉంటాది గదా. నీడ కొలిస్తే సరి."

 ముగ్గురం కూచుని నీడ ఎదిగేదాకా ఎదురుచూశాం. నాకు ఆ కూచోవడం ఎంత కష్టమైందో ఇప్పటికీ గుర్తుంది.

అంతకన్నా కష్టమైనది తరువాత జరిగింది. మీరు గద్దలైతే పైనుంచి మన ఊరు ఎలా కనిపిస్తుందో గీయమన్నారు. నేను ఇళ్ళు గీశాను. ప్రతి ఇంటికీ తలుపు, కిటికీ, మా ఇంటికి రెండు అంతస్తులు. ఆమె ఇసుకను అరచేత్తో చదును చేసి పైకప్పులు మాత్రమే గీసింది. కాలువ ఎక్కడ వంగుతుందో అక్కడ వంచింది. పడవలు మునగకాయల్లా ఒడ్డున పడున్నాయి. బడి ఒక చిన్న చదరం. అందులో ఒక చుక్క.

"ఆ చుక్క ఏమిటి?"

"కప్పులో బొక్క సార్. గద్దకి కనపడతాదిగదా, వాన కారే చోటు."

అయ్యవారు ఇసుకలో చతికిలబడ్డారు. చాలాసేపు చూశారు. తరువాత రాలిన కాయలేరి దాని చుట్టూ కంచెలాగా పేర్చారు, ఎవరూ తొక్కకుండా. "ఇది నేను నేర్పింది కాదు" అన్నారు, మాతో కాదు, తనలో తాను. నా బొమ్మ మీదుగానే నడిచి ఆయన కాయలు ఏరారు. అది ఆయన చూసుకోలేదు. నేను చూశాను.

ఆ రోజు నుంచి నాలో ఏదో పుల్లబడింది. దానికి అసూయ అని పేరుందని తెలిసే వయసు కాదు. పేరు తెలియకపోయినా దానితో ఏం చెయ్యాలో మాత్రం తెలిసింది.

ఎండలు ముదిరే ముందు సముద్రం నెమ్మదిస్తుంది. అప్పుడు పాలెంలో పెద్దవల వేస్తారు. పడవ వలను అర్ధచంద్రంలా చుట్టి వస్తుంది. వల రెండు కొసల తాళ్ళు ఒడ్డుకు చేరతాయి. పాలెంలో ఇంటికొకరు తాడు పట్టాలి. మగవాళ్ళు లేని ఇంటి నుంచి ఆడవాళ్ళో పిల్లలో రావాలి. పట్టిన ఇంటికి చేపల్లో పాలు. వాళ్ళ నాన్న జబ్బు మనిషి కాబట్టి వల వేసిన రోజు ఆ అమ్మాయి తాడు దగ్గర ఉండేది.

ఒక సెలవునాడు నేనూ వెళ్ళాను. వరసలో మధ్యన ఆమె, మడమలు ఇసుకలో దిగేసి లాగుతోంది. మగవాళ్ళు పాట అందుకుంటున్నారు. పక్కన బుట్ట పెట్టుకుని వాళ్ళ అవ్వ కూచుని ఉంది.

"రా అబ్బయా, నా తాడు పట్టుకో. నీళ్ళు తాగొస్తా" అంది ఆ అమ్మాయి.

నేను జంకాను. "వదలొచ్చా?"

అవ్వ బోసినోటితో నవ్వింది. "ఏందబ్బయా, అంత బయం? చేతులు మారొచ్చు. పట్టిన చోట తాడు కింద పెట్టగూడదు, అంతే. నువ్వు పట్టినా ఆ యింటి పాలు ఆ యింటికే. చేతులు కాయలు కాస్తాయని జంకుతుండావా? రెడ్డిగోరి పిలకాయవు గదా!"

అందరూ నవ్వారు. నేను పట్టాను. తడిసిన కొబ్బరి తాడు అరచేతుల్ని గీరింది. వల సంచీ ఒడ్డెక్కేసరికి వెండిలా మెరిసే కవళ్ళ చేపలు ఎగిరెగిరి పడ్డాయి. అవ్వ ఒక చేపను అక్కడే సరుగుడు పుల్లల మంట మీద కాల్చి, ఉప్పురాయి అద్ది ఇచ్చింది. అంత రుచి మళ్ళీ ఎరగను. అరచేతుల మంట చూపించుకుంటూ ఇంటికి పోయాను. కాబట్టి ఆ తాడు నియమం నాకు తెలియదని ఎవరికీ చెప్పలేను. ఆ హక్కు నాకు లేదు.

ఆ నెలలోనే అయ్యవారు ఒక వార్త చెప్పారు. వేసవిలో నెల్లూరులో పల్లె బడుల తెలివైన పిల్లలకు ఒక ప్రత్యేక తరగతి పెడుతున్నారు. హాస్టల్లో ఉండటం, పెద్ద హైస్కూలు ప్రయోగశాలలో, గ్రంథాలయంలో చదువు. అందులో బాగా చేసినవాళ్ళకు పైతరగతుల చదువంతా అక్కడే ఏర్పాటు చేస్తారు. బడికి ఒక్కరు. ఇన్‌స్పెక్టరుగారు స్వయంగా వచ్చి చూసి ఎంచుతారు.

ఆ సాయంత్రం తోపులో ఆమె అడిగింది. "నెల్లూర్లో నేల పటాలుంటాయా సార్? పెద్దవి? దేశమంతా పైనుంచి చూసినట్టు?"

"గోడ నిండా ఉంటాయమ్మా. గుండ్రటి గోళం కూడా ఉంటుంది. తిప్పి చూడొచ్చు."

ఆమె చూపుడువేలితో గాలిలో ఒక గుండ్రం తిప్పింది.

అయ్యవారు పాలెం వెళ్ళి వాళ్ళ అవ్వతో మాట్లాడారు. ఆడపిల్ల, దూరం, ఇంట్లో జబ్బు మనిషి. అయినా అవ్వ ఒప్పుకుంది. ఐదో తరగతి దాటితే ఆమెకు చదువన్నది లేదు. అది ఆయనకు తెలుసు. మా ఊళ్ళో అందరికీ తెలుసు. నాకైతే ఆ పరీక్ష పోయినా మా నాయన నన్ను పక్కనున్న కోట ఊళ్ళోనో నెల్లూరులోనో చేర్చేవాడే.

మా ఇంట్లో వేరే మాటలు నడిచాయి. రాత్రి భోజనాల దగ్గర నాయన, "ఇన్‌స్పెక్టరు వస్తే కుర్చీలు మనవే, బోజనం మనదే. ఆయన యెదర పాలెం పిల్ల ముందు నువ్వు తెల్లమొగం యేసినావంటే నేను ఊళ్ళో తలెత్తుకోలేను" అన్నాడు.

"ఊరుకోరా, పిలకాయకి అన్నం తినేటప్పుడా ఆ మాటలు" అంది మా అవ్వ.

"అన్నం తినేవాడికే చెప్పేది."

నేను తలొంచుకుని తిన్నాను. తప్పు నాయన మీదికి తోసెయ్యడానికి ఈ మాట చెప్పడం లేదు. ఆయన ఆ మాట అని మరచిపోయాడు. దాన్ని పెంచి పోషించింది నేను.

ఇన్‌స్పెక్టరుగారు చెప్పిన రోజున రాలేదు. రెండు రోజుల ముందే, ఎవరూ అనుకోని పొద్దుట, తెరచాప పడవలో కాలువ మీద దిగారు. ఎండెక్కకముందే తరువాతి ఊరు వెళ్ళాలన్నారు. అయ్యవారు కండువా సర్దుకుంటూ బడి అంతా కలయజూశారు. ఆ అమ్మాయి లేదు. పొద్దునే వల వేశారు.

"ఒరేయ్, నువ్వే బాగా పరుగెత్తుతావు. వెళ్ళి ఆమెను తీసుకురా" అన్నారు నాతో.

పరుగెత్తాను. తోపు దాటేదాకా నిజంగానే పరుగెత్తాను. దిబ్బ ఎక్కాక నడక మొదలుపెట్టాను. కింద రెండు తాళ్ళ బారులు, మధ్యన మెరిసే నీళ్ళు. దక్షిణపు తాడు దగ్గర ఆమె. బుట్ట పక్కన వాళ్ళ అవ్వ, ఖాళీ చేతులతో.

ఆమె నన్ను చూసింది. "ఏంది అబ్బయా, బడి లేదా?"

ఆ ప్రశ్నకు జవాబు నా నోట్లోనే ఉంది. ఇన్‌స్పెక్టరు వచ్చినాడు, రా. అంతే. అవ్వ లేచి తాడు అందుకునేది. లేకపోతే నేనే అందుకోవచ్చు.

"ఏం లేదు. ఊరకే చూద్దామని వచ్చినా" అన్నాను.

"చూసేదేముంది? వచ్చినోడివి తాడు పట్టు" అని నవ్వింది. తాడును ఒక చేత్తో నా వైపు కొంచెం ఎత్తింది కూడా.

"బడికి పోవాల" అన్నాను. వెనక్కి తిరిగాను. ఈసారి మళ్ళీ పరుగెత్తాను.

బడిలో అయ్యవారు గుమ్మంలోనే నిలబడి ఉన్నారు. నా వెనక ఎవరూ లేకపోవడం చూసి ముఖం పాలిపోయింది.

"తాడు పట్టుకోని ఉండాది సార్. పట్టినాక వదలగూడదంట."

అది అబద్ధం కాదు. సగం నిజం. సగం నిజం ఎంత పని చేస్తుందో ఆ రోజే నేర్చుకున్నాను. అయ్యవారు పరాయి ప్రాంతం మనిషి. పాలెం ఆచారాలంటే ఆయనకు గౌరవం, కొంచెం భయం కూడా. ఒక క్షణం దిబ్బల వైపు చూశారు. వెళ్ళాలనే అనుకున్నారేమో. కుర్చీలో ఇన్‌స్పెక్టరుగారు గడియారం చూసుకుంటున్నారు.

"ఇంకొక అమ్మాయి ఉందండి. చాలా తెలివైనది. ఇవాళ..." అని ఆగిపోయారు.

"రాలేదంటారా?"

"ఆ పిల్ల రాలేదు సార్" అన్నారు అయ్యవారు.

ఇన్‌స్పెక్టరుగారు తల ఊపి నా వైపు తిరిగారు. కొన్ని లెక్కలు అడిగారు. తరువాత బయటికి తీసుకొచ్చి, "ఆ చెట్టు ఎత్తు ఎంతో ఎక్కకుండా చెప్పగలవా?" అన్నారు. ఆ ప్రశ్న అయ్యవారే ఆయన చెవిన వేసి ఉంటారు, ఆ అమ్మాయి కోసం. నేను కర్ర గుచ్చాను. పొద్దుటెండలో నీడ అప్పటికి కర్రకన్నా కొంచెమే పొడుగు.

"ఆగాల సార్. కర్ర నీడ కర్రంత అయ్యేదాకా ఆగితే, చెట్టు నీడా చెట్టంతే" అన్నాను.

ఇన్‌స్పెక్టరుగారు నా భుజం తట్టారు. అయ్యవారు నేలకేసి చూస్తున్నారు.

మర్నాడు ఆమె బడికి వచ్చింది, అయ్యవారికి ఆకులో చుట్టిన ఎండురొయ్యలు తీసుకుని. జరిగింది విన్నది. ఏడవలేదు. నీళ్ళ కుండ దగ్గర నన్ను ఆపింది.

"నువ్వు ఒడ్డుకి వచ్చినప్పుడు ఆయన ఈడనే ఉండాడా?"

"లేదు. నేను తిరిగొచ్చినాక వచ్చినాడు."

"పడవ తెరచాప తోపు మీద నుంచి కనపడిందే. నువ్వు రాకముందే బడికాడ దించేసినారు గూడా." నా ముఖంలోకి చూసింది. గద్ద ఊరిని చూసినట్టు, అంతా ఒకేసారి. ఇంకేమీ అడగలేదు. అయ్యవారికీ చెప్పలేదు. ఆ సాయంత్రం నుంచి రెండో బడికి రాలేదు.

అయ్యవారికి తెలిసింది వాళ్ళ అవ్వ వల్ల. ఆమె బడి ముందు నుంచి చేపల బుట్టతో పోతుంటే ఆయన ఆపి క్షమాపణగా ఏదో అన్నారు. "తాడు వదలకూడదు కదా అని నేనూ ఊరుకున్నానమ్మా." కిటికీ పక్కన కూచున్న నాకు అవ్వ గొంతు వినపడింది.

"తాడుదేముందయ్యా? నేను ఆడనే కూచోనుంటిని గదా. పట్టుకోనా? ఒక్క మాట చెప్పిపంపితే..." అని ఆగి, "పోన్లే అయ్యోరా, దానికి రాసిపెట్టి లేదు" అని బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆయన లోపలికి వచ్చారు. నన్ను చూడలేదు. సాయంత్రం తోపులోకి తీసుకెళ్ళారు. ఇద్దరమే. కొడతారనుకున్నాను. కొట్టమని కోరుకున్నాను.

"ఆ రోజు ఒడ్డు ఎలా ఉందో గీయి. గద్దలాగా. ఎవరెక్కడ ఉన్నారో పెట్టు" అన్నారు.

గీశాను. అలలు, వల, రెండు తాళ్ళు, బారులో మనుషులు. అప్పటికి పైనుంచి చూడటం నాకూ వచ్చేసింది. ఆమె దగ్గరే నేర్చుకున్నాను. తాడు మధ్యలో ఆమెను పెట్టాను. దిబ్బ మీద నన్ను పెట్టాను. పుల్ల పక్కన పెట్టేశాను.

అయ్యవారు ఒక సరుగుడు కాయ తీసి, ఆమె పక్కనే, ఇసుకలో నొక్కారు.

"ఇక్కడ ఒక ముసలమ్మ ఉంది" అన్నారు.

అంతే. చేతులు దులుపుకుని లేచి వెళ్ళిపోయారు. ఆ తరువాత రెండో బడి జరగలేదు.

నెల్లూరులో ఆ నెల నేను కుమిలిపోయానని చెబితే చదివేవాళ్ళకు నా మీద కొంచెం జాలి కలుగుతుంది. కానీ నిజం అది కాదు. నేను సంతోషంగా ఉన్నాను. సూక్ష్మదర్శినిలో ఉల్లిపొర ఇటుకలు పేర్చినట్టు కనిపించింది. గ్రంథాలయంలో జిగురు వాసన, కొత్త కాగితం వాసన. గోళాన్ని తిప్పి తిప్పి చూశాను. అప్పుడు మాత్రం గాలిలో తిరిగిన ఆ చూపుడువేలు గుర్తొచ్చేది. వెంటనే ఇంకో వస్తువు దగ్గరికి పోయేవాణ్ణి. అలా పోవడం అలవాటైంది.

సెలవుల తరువాత నేను పై చదువులకు పోయాను. అయ్యవారికి మళ్ళీ బదిలీ అయింది. వెళ్ళేముందు పాలెం పోయి ఆ అమ్మాయితో చాలాసేపు మాట్లాడారని మా అవ్వ చెప్పింది. నన్ను చూడటానికి రాలేదు.

చదువు పూర్తికాక ముందు ఒకసారి సెలవుల్లో కోట బజారులో ఆమెను చూశాను. తల మీద బుట్ట, నడుం దగ్గర దోపిన చెంగు. నేను పక్కకు తప్పుకోబోయాను. ఆమే పిలిచింది.

"ఏం అబ్బయా, బాగుండావా? సన్నబడినావే. ఆస్టలు కూడు పడలేదా?"

"బాగుండా. నువ్వు?"

"ఇదో, ఇట్ట." బుట్ట దించి, చెమట తుడుచుకుంది. "ఒకటి అడగాలనుకుంటి. ఉల్లిపొర అద్దంలో చూస్తే ఇటికెలు పేర్చినట్టుంటాదని అయ్యోరు చెప్పినాడు. నువ్వు చూసినావా? నిజమేనా?"

"నిజమే."

"గోళం?"

"చూశాను. తిప్పి చూశాను."

"మన సముద్రం ఎంతుంటాది దాంట్లో?"

నేను చిటికెనవేలి గోరు చూపించాను. ఆమె ఆ గోరును చాలాసేపు చూసింది. "అంతేనా" అంది. తరువాత నవ్వి, "పోనీలే, నువ్వన్నా చూసినావు" అని బుట్ట ఎత్తమంది. ఎత్తాను. ఆ బుట్ట ఎత్తుతున్నప్పుడు మా ముఖాలు దగ్గరగా వచ్చాయి. చెప్పాల్సిన మాట అప్పుడైనా చెప్పొచ్చు. చెప్పలేదు. ఆమె జనంలో కలిసిపోయింది. చాలా ఏళ్ళ తరువాత ధైర్యం చేసుకుని పాలెం వెళ్ళాను. ఆ కుటుంబం పులికాటు వైపు వలసపోయిందన్నారు. ఏ ఊరో ఎవరికీ తెలియదు. తోపు కొట్టేశారు. బడి ఉన్న చోట రొయ్యల గుంటలు. పాత ఒడ్డును గద్దలా పైనుంచి తలుచుకోబోతే, కాయ నొక్కిన చోటు తప్ప ఏదీ సరిగా కనిపించలేదు.

అందుకే, ఈ మధ్య ఆ వరండాలో హెడ్‌మిస్ట్రెస్‌గారు ఆ మాట అన్నప్పుడు నేను తరువాతి పేరు పిలవలేకపోయాను.

"ఎందుకు రాలేదమ్మా?"

ఆమె ఆశ్చర్యపోయారు. "వాళ్ళమ్మ రొయ్యల షెడ్డుకి పోయింది సార్. తమ్ముణ్ణి చూసుకునేవాళ్ళు లేరంట. మంచి పిల్లే గానీ, ఏం చేస్తాం? తర్వాత పేరు చూడండి."

"ఇల్లు ఎక్కడ?"

"మీరా సార్? ఎండలోనా? ఎవరో ఒక పిలకాయని పంపిస్తా."

"వద్దమ్మా. నేనే పోతాను" అన్నాను. నా గొంతు ఎందుకంత గట్టిగా వచ్చిందో ఆమెకు తెలియదు.

రెండు వీధుల అవతల ఇల్లు. గడపలో ఒక పిల్ల, ఒళ్ళో ఏడాది పిల్లవాడు. నేను ఎవరినో, ఎందుకు వచ్చానో చెప్పాను.

"నేను రాలేను తాతా. వీడుండాడు."

"వాణ్ణి నాకివ్వు. నువ్వు పోయిరా."

ఆ పిల్ల నన్ను పైకీ కిందికీ చూసింది. నా కళ్ళజోడు, నా చేతుల వణుకు, అన్నీ చూసింది. "ఏడుస్తాడు."

"ఏడవనీ."

ఆ పిల్ల లేచింది. పిల్లవాణ్ణి నా చేతుల్లో పెట్టి, గడప దాటి, మళ్ళీ వెనక్కి వచ్చింది.

"కింద మాత్రం పెట్టగూడదు తాతా. పెడితే ఊరుకోడు."

"పెట్టను" అన్నాను.

పలక చంకన పెట్టుకుని బడి వైపు పరుగెత్తింది. పిల్లవాడు ఏడ్చాడు. నా చొక్కా బొత్తాం నోట్లో పెట్టుకుని, మళ్ళీ ఏడ్చి, నా భుజం మీద నిద్రపోయాడు. వాడి తల నుంచి ఆముదం వాసన, చేపల పులుసు వాసన వచ్చాయి. చేతులు లాగాయి. నడుం పట్టేసింది. పక్కింటామె చూసి, "మంచం మీద పడుకోబెట్టు పెద్దాయనా, నిద్రపోయినాడు గదా" అంది.

నేను తల అడ్డంగా ఊపి, ఆ పిల్ల తిరిగి వచ్చేదాకా అలాగే నిలబడ్డాను.